వెంకటేశం చదువూ, సుబ్బి ధరా

"కన్యాశుల్కం" గురించి మన విమర్శకులు రాసింది తక్కువేమీ కాదు. 1892లో రంగం మీదికి వచ్చి, 1897లో అచ్చయి, 1909లో బాగా పెరిగి మారిన ఆ నాటకంలో మధురవాణి సంస్కారం ఎలాంటిది, గిరీశం సంస్కర్తా లేక వట్టి మోసగాడా, గురజాడకు వాడుకభాష మీద వున్న పట్టు ఎంతటిది అన్న విషయాలపై చాలినంత చర్చ జరిగింది. కాని గిరీశం చేసే పని ఏమిటన్న చిన్న ప్రశ్న మాత్రం ఎవరికీ అంత ముఖ్యంగా తోచినట్టు లేదు. అతను ప్రైవేటు మాస్టరు. మొదటి రంగంలోనే ఒక ప్రైవేటు మాస్టరూ, పరీక్ష తప్పిన అతని శిష్యుడూ మనకు ఎదురవుతారు. తన దగ్గర చేరి తాను నేర్చుకున్నది చుట్టకాల్చడం ఒకటేనని ఆ శిష్యుడే మొగంమీద చెబుతాడు. గురువుగారు కోపగించుకోడు, ఆ మాటను కూడా తన గొప్ప కిందికే మార్చుకుంటాడు. మనం నవ్వి ముందుకు సాగిపోతాం.

ఇవాళ ఆరవ తరగతి పిల్లవాడికి ఐ.ఐ.టి. ఫౌండేషన్ అనీ, ఏడవ తరగతి పిల్లకు ఒలింపియాడ్ అనీ ప్రతి పట్టణంలోనూ, ప్రతి వీధిలోనూ బోర్డులు వేలాడుతున్నాయి. ఈ రోజుల్లో ఆ నవ్వు దగ్గర కొంచెంసేపు ఆగవలసివుంది. తెలివైన పిల్లవాడి చదువు అనే సమస్య ఒక ఇంటిని ఎట్లా రెండుగా చీలుస్తుందో, దాని ఖర్చు నిజంగా ఎవరు భరిస్తారో గురజాడ చూసినంత స్పష్టంగా ఆ తరువాత మనం చూడలేదని నా అభిప్రాయం.

అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో జరిగే తగాదా జ్ఞాపకం చేసుకోండి. కొడుకు ఇంగ్లీషు చదువుకు డబ్బు నీళ్లలా ఖర్చయిపోతున్నదని తండ్రి గొడవ. వెంకమ్మ వినదు. పుట్టింటివారు పసుపు కుంకాల కింద ఇచ్చిన తన భూమి అమ్మి అయినా సరే కొడుకును చదివిస్తానంటుంది. ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా ఛాందసుడైన భర్తకూ, అమాయకురాలైన భార్యకూ మధ్య కీచులాటగా చదువుకుంటాం. అట్లా చదవడం ఇద్దరికీ అన్యాయం చేయడమే.

అవధాన్లుకు చదువంటే గౌరవం లేక కాదు. వేదం చదువుకున్న మనిషి. తనకు తెలిసిన విద్యకు బజారులో ధర పడిపోతున్నదనీ, తనకు తెలియని విద్యకు ధర పెరుగుతున్నదనీ అతనికి తెలుసు. తన కొడుకు ఆ కొత్త విద్యలో నిజంగా ఏమైనా నేర్చుకుంటున్నాడో లేదో తేల్చుకోగల సాధనం మాత్రం అతని చేతిలో లేదు. వెంకమ్మకూ లేదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే: ఇంగ్లీషు చదివినవాడికి ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వున్న ఇంట్లో తల్లి భయపడవలసిన పని లేదు. అవధాన్లుది ఖర్చు భయం, వెంకమ్మది వెనకబడిపోతామన్న భయం. రెండు భయాల్లోనూ సగం సగం నిజం వుంది. అందుకే ఆ తగాదా తెగదు.

ఆ రెండు భయాల మధ్య వున్న ఖాళీలోనే గిరీశం కాపురం పెడతాడు. పిల్లవాడి ఇంగ్లీషు పరీక్షించే దృశ్యం చూడండి. గురుశిష్యులిద్దరూ ఒకరికొకరు సంబంధం లేని ఇంగ్లీషు ముక్కలు అప్పజెప్పుకుంటారు. పసిపిల్లల పద్యంలోది ఒక ముక్క, వాచకంలోది మరో ముక్క, జామెట్రీ సూత్రం ఇంకో ముక్క. తల్లి మురిసిపోతుంది. ఆమె మూర్ఖురాలు కావడం వల్ల కాదు. చప్పుడును బట్టి తప్ప మరో విధంగా నమ్మే మార్గం ఆమెకు లేకపోవడం వల్ల. ఇక అవధాన్లు సంగతి: గిరీశం తన దావా కాగితాలకు పనికివస్తాడని తోచేసరికి అంత అనుమానం మనిషీ మెత్తబడతాడు. చదువు విలువ తేల్చలేని తండ్రి, మాస్టరు తనకు ఎంత ఉపయోగపడతాడన్న లెక్క మాత్రం వేసుకోగలిగాడు.

నేటి తల్లిదండ్రులు వెంకమ్మ కన్న చాలా చదువుకున్నవాళ్లే. కాని ఆరవ తరగతి పిల్లవాడి చేతికి వచ్చిన ఫౌండేషన్ ప్రశ్నపత్రాన్ని ఎంతమంది చదివి, ఇది ఈ వయసుకు తగునా తగదా అని చెప్పగలరు? వారం వారం ఫోనుకు వచ్చే ర్యాంకు అంకె ఒకటి వారి చేతిలో వుంటుంది. గిరీశం ఇంగ్లీషు వెంకమ్మకు ఎట్లాగో, ఆ అంకె వారికి అట్లాగే.

ఇంతవరకూ అయితే ఇది మాస్టర్ల మీద వ్యంగ్యం మాత్రమే. గురజాడ ఇక్కడ ఆగలేదు. వెంకటేశం చదువు మీద తగాదా జరుగుతున్న ఆ ఇంట్లోనే సుబ్బిని లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందల రూపాయలకు కుదిర్చే సంగతి కూడా బయటపడుతుంది. పెద్దకూతురు బుచ్చమ్మ ఇదివరకే ముసలివాడికిచ్చి చేసిన పెళ్లి వల్ల వితంతువై ఆ ఇంట్లోనే వుంది. ఒక బిడ్డ మీద ఖర్చు, ఇంకొక బిడ్డ మీద రాబడి — ఈ రెండు పద్దులనూ నాటకకర్త ఒకే ఇంటి కప్పు కింద, ఒకే అంకంలో పక్కపక్కనే పెట్టాడు. కొడుకు కోసం భూమి అమ్ముతానన్న ఆ వెంకమ్మే కూతురి కోసం నూతిలో దూకుతుంది. ఆమెను కొడుకు పిచ్చి పట్టిన తల్లిగా కొట్టివేయడం ఎంత పొరపాటో ఈ ఒక్క సంగతి వల్లనే తెలుస్తుంది. ఇద్దరు బిడ్డల్నీ ఒడ్డెక్కించాలని ఆమె తాపత్రయం. ఒకరి కోసం ఒకరిని బలిపెట్టడం ఆ ఇంటి ఏర్పాటులోనే వుంది.

చదువు చెప్పడానికి వచ్చిన మాస్టరు చివరికి బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. సౌజన్యారావు పంతులు పూనుకుని ఆమెను పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటుతో కథ ముగుస్తుంది. అంటే, కొడుకు చదువుకోసం అంత రభస జరిగిన ఆ ఇంట్లో అసలైన చదువు దొరికే అవకాశం వచ్చింది ఎవరూ చదివించాలని తలపెట్టని కూతురికి. సుబ్బి మాత్రం మేనమామ కరటకశాస్త్రి ఎత్తు వల్ల బతికి బయటపడింది. ఇంటి ఏర్పాటు మారినందువల్ల కాదు.

ఇక ఆ తరువాతి సంగతి. కొడవటిగంటి కుటుంబరావు "చదువు" నవలలో సుందరం చదువును అక్షరాభ్యాసం నుంచీ పట్టుకుని, జాతీయోద్యమం, ఆర్థిక మాంద్యం మీదుగా నడిపించాడు. చదువు ఉద్యోగానికి హామీ అన్న వెంకమ్మ నమ్మకం మధ్యతరగతి చేతుల్లో ఎట్లా చివికిపోయిందో ఆ నవలంత నిదానంగా చెప్పిన రచన మనకు అరుదు. కాని సుందరం కాలానికి ఇంకా చదువు ఒకటే బాట. ఆ బాటన కొందరు వెళ్తారు, చాలామంది వెళ్లలేరు. బడికి వచ్చిన పిల్లల్లోనే తెలివైనవారిని ముందుగా ఏరి, వేరే గదిలో కూచోబెట్టి, వేరే చదువు చెప్పడం అన్నది మన ప్రాంతంలో ఒక పద్ధతిగా స్థిరపడింది తరువాతి కాలంలో.

ఆ పద్ధతి మొదట మంచి ఉద్దేశంతోనే వచ్చిందని ఒప్పుకోవాలి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో గురుకుల పాఠశాల మొదలైంది. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు దేశమంతా విస్తరించాయి. వాటిలో నూటికి 75 సీట్లు గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు. పల్లెటూరి పేదపిల్లవాడికి హాస్టలూ, లైబ్రరీ, మంచి మాస్టర్లూ ప్రభుత్వం ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ బడుల నుంచి వచ్చినవారు మన కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, సాహిత్యంలో కూడా వున్నారు. వారిని చూసి ఈర్ష్యపడేవాడు ఎవడూ వుండడు.

కాని ప్రవేశపరీక్ష అన్నది ఎక్కడ వుంటే అక్కడికి గిరీశం నడిచి వస్తాడు. ఆరవ తరగతి ప్రవేశం కోసం రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబు గుర్తించవలసిన నవోదయ పరీక్షకు ఈనాడు మండల కేంద్రాల్లో సైతం కోచింగ్ వుంది, గైడ్లు వున్నాయి. పుట్టుకతో వచ్చిన తెలివిని కొలవడానికని పెట్టిన పరీక్ష చివరికి తండ్రి కోచింగ్‌కు ఎంత పెట్టగలడన్నది కూడా కొలుస్తున్నది. ఇది మన దేశానికే పట్టిన జాడ్యం కాదు. ఇంగ్లండులో 1944 విద్యాచట్టం తరువాత పదకొండేళ్ల వయసులో పరీక్ష పెట్టి పిల్లలను గ్రామర్ స్కూళ్లకూ, మామూలు స్కూళ్లకూ విడగొట్టారు. కొన్ని ప్రాంతాల్లో ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు, దానికోసం పెట్టే ట్యూషన్లూ పోలేదు. మైకేల్ యంగ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1958లో దాని మీద ఒక వ్యంగ్య రచన చేశాడు. తెలివీ కృషీ కలిపి కొలిచి, ఆ కొలత ప్రకారం పాలించే సమాజం ఒకటి వస్తే, గెలిచినవాడు తన గెలుపంతా స్వార్జితమే అనుకుంటాడనీ, ఓడినవాడికి తనను తాను తిట్టుకోవడం తప్ప దారి వుండదనీ ఆ రచన సారాంశం. "మెరిటోక్రసీ" అన్న పేరుకు ప్రచారం తెచ్చింది ఆ పుస్తకమే. తాను వెక్కిరింపుగా వాడిన మాటను రాజకీయ నాయకులు పొగడ్తగా వాడుతున్నారని 2001లో ఆయనే వాపోయాడు.

మన కార్పొరేట్ విద్యాసంస్థలకు ఈ సిద్ధాంతం తెలియనక్కరలేదు; ఆచరణ తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక విద్యలో ప్రవేశానికి పిల్లల్ని వడపోయరాదన్నది. అదే చట్టం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని కూడా అన్నది. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోరాదని 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. బడి పేరుమీదే, బడి కప్పు కిందే కోచింగ్ నడుస్తుంటే ఈ మాటలు ఎవరికి తగులుతాయి? ప్రవేశం అయిన తరువాత వడపోత మొదలవుతుంది. మొదటి సెక్షను, రెండో సెక్షను, ఆఖరి సెక్షను. వాటికి నక్షత్రాల పేర్లో, శాస్త్రవేత్తల పేర్లో. 2024లో ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి సీట్లు 17,740. ఆ దారిలో మొదటి మెట్టయిన పరీక్షకు పేరిచ్చినవారు పన్నెండు లక్షలకు పైమాటే. ఎన్ని సెక్షన్లు పెట్టినా, ఎంత తెల్లవారుజామున లేపినా ఈ లెక్క మారదు. ఒకడు లోపలికి వెళ్తే ఇంకొకడు బయట వుంటాడు.

ఇక్కడ ఎవరూ గట్టిగా అనని సంగతి ఒకటి వుంది. ర్యాంకు రాగల పిల్లవాడికి ఈ సంస్థల్లో ఫీజు రాయితీ, ఒక్కొక్కచోట చదువు పూర్తిగా ఉచితం. మంచి లెక్చరర్లు అతని సెక్షనుకే. ఫలితాలనాడు పత్రికల మొదటి పేజీ నిండా అతని ఫోటోయే. ఆ రాయితీకీ, ఆ జీతాలకూ, ఆ పేజీకీ డబ్బు ఎక్కడిది? ఆఖరి సెక్షన్లో పూర్తి ఫీజు కట్టి కూచున్న పిల్లలది. ఆ ఫోటో చూసి తమ బిడ్డను చేర్పించిన తండ్రులది. తెలివైనవాడి చదువుకు తెలివి తక్కువవాడనిపించుకున్నవాడు డబ్బు కడుతున్నాడు. కట్టి, తనకు బుర్ర లేదన్న మాట కూడా రోజూ వింటున్నాడు. సుబ్బి పద్దు ఎక్కడికి పోయిందని వెతుక్కోనక్కరలేదు. ఇల్లు దాటి బడిలోకి వచ్చింది.

ఇదంతా నేను ఎక్కడో ఎత్తున నిలబడి చెబుతున్నాననుకోకండి. మా అబ్బాయి ఏడవ తరగతిలో వుండగా వాడిని స్పెషల్ సెక్షనుకు ఎంపిక చేశామని వాడి బడి నుంచి కబురు వచ్చింది. రెండేళ్లు పెద్దదైన మా అమ్మాయి అదే బడిలో మామూలు సెక్షన్లో వుంది. నేను వద్దన్నాను. చదువును వ్యాపారం చేస్తున్నారనీ, పిల్లల్ని విడగొట్టడం తప్పనీ నా దగ్గరున్న వాదనలన్నీ చెప్పాను. నా భార్య చివరిదాకా విన్నది. "మీరు చెప్పేవన్నీ నిజమేనండీ. రేపు వాడు వెనకబడితే మీ వ్యాసాలు వాడికి ఉద్యోగమిస్తాయా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. స్పెషల్ సెక్షనుకు పుస్తకాలకనీ, పరీక్షలకనీ అదనంగా కట్టవలసిన సొమ్ము ఎంతో కాగితంలో చూసిన తరువాతే నా సిద్ధాంతాలు అంత గట్టిగా బయటికి వచ్చాయి. అగ్నిహోత్రావధాన్లు వేదం చాటున దాచుకున్నదాన్నే నేను అభ్యుదయం చాటున దాచుకున్నాను.

వాడు చేరాడు. ఒక మూడు నెలలైన తరువాత భోజనాల దగ్గర, "అక్కా వాళ్ల సెక్షన్లో అందరూ మొద్దులే నాన్నా. సార్లు కూడా అంటారు" అన్నాడు. చమత్కారంగా అన్నాడనుకుని నేను నవ్వాను. మా అమ్మాయి తలెత్తకుండా కంచంలో అన్నం కలుపుతూనే వుంది. వాడిని ఆ సెక్షన్లో చేర్పించాలని పట్టుబట్టిన నా భార్యే ఆ నవ్వును ఆపింది. "మళ్లీ ఆ మాట అంటే ఊరుకోను" అని కొడుకుతో అని, నా వైపు చూసింది. ఆ రాత్రే మొదటిసారి నాకు వెంకమ్మ పాత్ర అర్థమైంది.

ఆ పసివాడికి ఆ మాట ఎవరు నేర్పారు? సార్లు నేర్పారని వాడే చెప్పాడు. కాని వాడిని ఎంపిక చేశారని బంధువులకు ఫోన్లు చేసి చెప్పుకున్నది మేము. అమ్మాయికి చిత్రలేఖనంలో బహుమతి వచ్చిననాడు ఒక్క ఫోను కూడా చేయనిది మేము. పిల్లల్లో గొప్పవాళ్లమన్న అహంకారం ఎక్కడి నుంచి వస్తున్నదని మనం సభల్లో ఆశ్చర్యపోతుంటాం. ఆ సభకు వచ్చే ముందు ఇంట్లో మనం ఏ ఫోను చేశామో గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఇప్పుడు సాహిత్యం సంగతి. కార్పొరేట్ చదువుల మీద మనకు కథలు వస్తున్నాయి, రావలసిందే. వాటిలో చాలా భాగం ఒక మూసలో వుంటున్నాయి. డబ్బాశ తప్ప మరొకటి తెలియని యజమాని, కీర్తిదాహంతో కొడుకును పీడించే తండ్రి, హాస్టలు గదిలో ప్రాణం తీసుకునే పిల్లవాడు. పిల్లల మరణాలు అబద్ధం కావు. వాటిని మరిచిపోమని ఎవరూ అనరు. కాని మరణంతో ముగిసే కథ పాఠకుడిని ఏడిపించి వదిలిపెడుతుంది. చనిపోనివాడి సంగతి, అంటే ఆఖరి సెక్షన్లో రెండేళ్లు కూచుని, మామూలు మార్కులతో బయటికి వచ్చి, తనకు బుర్ర లేదన్న నమ్మకాన్ని జీవితమంతా మోసే లక్షలాదిమంది సంగతి, ఎవరు రాస్తున్నారు? పొద్దున ఒక బ్రాంచిలో, మధ్యాహ్నం ఇంకో బ్రాంచిలో పాఠం చెప్పి, ఫలితాలు తగ్గితే ఉద్యోగం పోగొట్టుకునే లెక్చరరు సంగతి ఎవరు రాస్తున్నారు? గిరీశం కూడా చదువుకుని సరైన ఉద్యోగం లేక మాటలమ్ముకున్నవాడే. గురజాడ అతన్ని క్షమించలేదు, అట్లా అని రాక్షసుణ్ణి కూడా చేయలేదు. మన కథల్లో తల్లి ఒక్కొక్కప్పుడు మరీ అన్యాయానికి గురవుతున్నది. ఆమెకు పక్కింటివారితో పోటీ తప్ప మరో ఆలోచన లేదన్నట్టు రాస్తున్నాం. భర్త చిరుజీతం, తన ఆగిపోయిన చదువు, సొంత ఇల్లు లేని భయం — ఇవి ఆ పోటీ వెనుక వున్నాయని చూపించకపోతే అది వాస్తవికత అనిపించుకోదు.

ఒక అభ్యంతరం రావచ్చు. విడగొట్టకపోతే తెలివైన పేదపిల్లవాడు గుంపులో నలిగిపోడా? న్యాయమైన ప్రశ్నే. అతనికి కావలసింది మంచి మాస్టరు, పుస్తకాలు, ప్రయోగశాల, కడుపునిండా తిండి, నిశ్చింతగా చదువుకునే చోటు. వీటిలో ఏ ఒక్కటీ పక్కపిల్లవాడికి ఇస్తే తరిగిపోయేది కాదు. లెక్కలు వేగంగా చేసేవాడికి కష్టమైన లెక్క ఇవ్వవచ్చు. అందుకు పక్కవాణ్ణి మొద్దు అననక్కరలేదు. సర్వేల్ బడి గొప్పతనం అక్కడి ప్రవేశపరీక్షలో లేదు, ఆ పరీక్ష తరువాత పిల్లలకు దొరికిన బడిలో వుంది. మనం ఆ బడిని అన్ని ఊళ్లకూ అడగడం మాని, ఆ పరీక్షను అన్ని ఇళ్లకూ తెచ్చుకున్నాం.

నాటకంలో సుబ్బి నోట మనకు వినిపించేది చాలా తక్కువ. ఆమెను గురించి అందరూ మాట్లాడతారు, ఆమె ధర గురించి మాట్లాడతారు. 1909 నాటికి అంతకన్న రాయడం సాధ్యం కాలేదేమో. మనకు ఆ సాకు లేదు. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. తాను మామూలు సెక్షనేనని కొత్తవారితో తానే ముందుగా చెబుతుంది, ఎదుటివారు అడగకుండా. ఎందుకు చెబుతావని ఒకసారి అడిగాను. "మీరెట్లాగూ అడుగుతారు కదా నాన్నా" అన్నది. తొందరగా ఎవరైనా ఆ పిల్ల కథ రాయాలి. నేను రాస్తే తండ్రిని కాపాడుకుంటానేమోనని భయం.